కొట్టేసిన మాటలు

ఒకే పేజీని పొద్దుటి నుంచి తిరగరాస్తూ కూర్చుంటే మధ్యాహ్నానికల్లా నా ల్యాప్‌టాప్ వేడెక్కి, లోపలి ఫ్యాను రొద పెట్టి, పక్కనున్న సన్నటి చీలికల్లోంచి కాలిన దుమ్ము వాసన ఒకటి వస్తుంది. విజయవాడలో మా ఆఫీసులో ఆ వాసన ఇంకెవరికీ పట్టదు. నాకు మాత్రం అది ముక్కుకి తగలగానే జగ్గయ్యపేటలో మా నాన్న మైకుసెట్టు కొట్టు కళ్ళ ముందు నిలబడుతుంది. పాత ఆంప్లిఫయరు స్విచ్చి వేసిన కాసేపటికి లోపలున్న గాజు బుడ్డీలు నెమ్మదిగా నారింజ రంగుకి తిరిగి, వాటి మీద పేరుకున్న దుమ్ము కాలి, అచ్చం ఇదే వాసన వచ్చేది. పిల్లల పుస్తకాలు వేసే చోట నా ఉద్యోగం. ఇతరులు రాసినవి దిద్దుతాను, నేను రాసినవి ఇంకా ఎక్కువ దిద్దుకుంటాను. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి మొన్న నా వెనక నిలబడి, అప్పటికే ఎన్నోసార్లు మార్చిన వాక్యాన్ని నేను మళ్ళీ కొట్టేస్తుంటే చూసి, "బానే ఉందిగా మేడం, ఎందుకు తీసేస్తున్నారు?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. జవాబు చెప్పాలంటే చాలా దూరం నుంచి మొదలుపెట్టాలి.

మాకు ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు గది కొట్టు, దాని వెనక గదిలో మేం, ఆ వెనక రేకులు వేసిన వంటిల్లు. ముందు గదిలో గోడకి మేకులు కొట్టి లౌడ్‌స్పీకరు గొట్టాలు వేలాడదీసేవాళ్ళు, పెద్ద పెద్ద ఉమ్మెత్తపూలు తలకిందులుగా పూసినట్టు. మూలన లారీ బ్యాటరీలు, వాటి పులుపు వాసన, వైర్ల చుట్టలు, రంగు బల్బుల తోరణాలు. శ్రీరామనవమి వచ్చిందంటే ఆ గోడ మొత్తం ఖాళీ అయిపోయేది. ప్రతి వీధి పందిట్లోనూ మా గొట్టమే మోగేది కాబట్టి, వైర్లు కట్టడానికి నాన్నతో పాటు వెళ్ళిన నాకు ప్రతి పందిట్లోనూ పానకం పోసేవాళ్ళు. మిరియాల ఘాటు ఎక్కువైన పానకం ఒకచోట, బెల్లం అడుగున మిగిలిపోయిన పానకం ఇంకోచోట, వడపప్పులో మామిడికోరు కలిపి దొప్పలో పెట్టేవాళ్ళు మరోచోట. సాయంత్రానికి కడుపు డోలులా ఉబ్బి, ఇంటికొచ్చి అన్నం వద్దంటే అమ్మ తిట్టేది. అట్లతద్దికి తెల్లవారకుండానే లేచి, గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని, వీధిలో మిగతా ఆడపిల్లలతో కలిసి ఉయ్యాలలూగేటప్పుడు కూడా మా ఆట వేరుగా ఉండేది. నూనె గరాటు నోటి దగ్గర పెట్టుకుని, "అమ్మలారా అయ్యలారా, మన ఊరి ఉయ్యాల దగ్గర..." అంటూ ఒకరి తర్వాత ఒకరం ప్రకటనలు చేసేవాళ్ళం. గరాటు మా ఇంటిది కాబట్టి ఎక్కువ వంతులు నావే.

మైకు అద్దెకివ్వడం ఒక్కటే కాదు నాన్న పని. ఊళ్ళో ఏం చెప్పాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. సినిమా మారిందని, బట్టల కొట్టు తెరుస్తున్నారని, రేపు మంచినీళ్ళు రావని, పిల్లలకి చుక్కల మందు వేయించమని. వచ్చినవాళ్ళు తాము చెప్పాలనుకున్నది కాసేపు చెప్పేవాళ్ళు, నాన్న వినేవాడు, విని పాత సినిమా కాగితాల వెనక పెన్సిలుతో రాసేవాడు. రాసి, పెదాలు కదుపుతూ చదువుకుని, ఒక మాట కొట్టేసేవాడు. మళ్ళీ చదివి ఇంకోటి. అయిదారు వాక్యాలతో మొదలైంది మూడింటికి వచ్చేది. తరవాత మా వీధి కోటయ్య తొక్కే రిక్షాకి నాన్న గొట్టం కట్టి, సీటు కింద బ్యాటరీ పెట్టి, ఒళ్ళో ఆంప్లిఫయరు పెట్టుకుని ఊరంతా తిరిగి చెప్పి వచ్చేవాడు. నాన్న చదువు మధ్యలో ఆగిపోయిందని తెలుసు గానీ, ఆయన ఎక్కువగా చదవని మనిషి కాదు. కొట్టు ఖాళీగా ఉన్నప్పుడల్లా లైబ్రరీ పుస్తకం మొహానికి అడ్డంగా ఉండేది. అంత చదివేవాడు అంత తక్కువ మాటలతో ఎందుకు రాస్తాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

"రిక్షా ఆగదమ్మా, వినేవాళ్ళూ ఆగరు," అనేవాడు అడిగితే. "ఒకింటి ముందు మొదలుపెడితే ఆ పక్కింటికి పోయేలోపు విషయం చేరిపోవాల. లేకపోతే వాళ్ళు సగం, వీళ్ళు సగం వింటారు."

రాసినది బయటికి వెళ్ళేముందు ఇంట్లో ఒక పరీక్ష ఉండేది. నాన్న కొట్టులో నిలబడి మామూలు గొంతుతోనే గట్టిగా చదివేవాడు. వంటింట్లో అమ్మ తన పని తాను చేసుకుంటూనే ఉండేది. పప్పులో తిరగమోత చిటపటలాడుతుండేది, లేదా రోట్లో పచ్చడి నూరుతుండేది, లేదా బిందెలోకి నీళ్ళు పడుతుండేవి. చదవడం అయ్యాక నాన్న, "ఏం వినపడింది?" అని అడిగేవాడు. అమ్మ తనకి వినపడినది చెప్పేది. అమ్మ తిరిగి చెప్పగలిగినదే ప్రకటన. చెప్పలేనిది నాన్న పెన్సిలుకి బలి. అమ్మ దీన్నొక గొప్ప పనిగా ఎప్పుడూ అనుకోలేదు. "ఏదో గేదె తప్పిపోయిందంట, కొమ్ము విరిగిందంట, ఎవరిదో చెప్పలా మీరు," అని చెప్పి, మళ్ళీ పోపుగింజల డబ్బా మూత పెట్టుకునేది.

నేను బళ్ళో వ్యాసాలకి పేరున్నదాన్ని. మా తెలుగు టీచరుకి నా వ్యాసాలంటే ఇష్టం. వర్షం మీద రాయమంటే అందరూ పంటలు పండుతాయనీ చెరువులు నిండుతాయనీ రాస్తే, నేను ఆకాశకాంత కంటినీరనీ, భూమాత పులకాంకురాలనీ రాసేదాన్ని. అవి ఎక్కడ విన్నానో నాకే తెలియదు గానీ, వాటి పక్కన ఎర్రసిరాతో టిక్కు పడేది. ఆ ధైర్యంతోనే, ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో, వినాయక చవితి పందిరి వాళ్ళ ప్రకటన నేను రాస్తానని నాన్నని అడిగాను. ఆయన వెంటనే పెన్సిలు చేతికిచ్చాడు. రోజంతా కూర్చుని రాశాను. సకల విఘ్ననివారకుడూ, నిఖిల జనమనోరంజకమూ, భక్తజన సందోహమూ, అన్నీ పెట్టాను. సాయంత్రం నాన్న దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా, ఎక్కడా నవ్వకుండా, వంటింటి వైపు తిరిగి చదివాడు. లోపల అమ్మ ఉండ్రాళ్ళ కోసం బియ్యపు రవ్వ జల్లిస్తోంది.

"ఏం వినపడింది?"

"ఏదో పూజంట," అంది అమ్మ.

"ఎక్కడ?"

"చెప్పారా? నాకు వినపడలా."

నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి ఉండ్రాళ్ళు ముట్టుకోనని మొండికేసి, తరవాత ఆకలికి ఆగలేక తిన్నాను. మర్నాడు పొద్దున్నే నాన్న ఆ కాగితమూ పెన్సిలూ తెచ్చి నా పక్కన పెట్టి, "నీ కాగితమేగా, నువ్వే కొట్టెయ్," అన్నాడు. ఇంకొకళ్ళు కొట్టేస్తే మాటలు పోతాయి. మనమే కొట్టేస్తే మిగిలినవి గట్టిపడతాయి. ఈ సంగతి ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ పొద్దున 'నిఖిల జనమనోరంజకముగా' అన్న మాట మీద గీత పెడుతుంటే నాకు ప్రాణం పోయినట్టే ఉంది. చివరికి మిగిలింది ఫలానా వీధి పందిట్లో ఫలానా పొద్దున పూజ, అందరూ రండి అని. అంతే. కానీ రిక్షా మా వీధి మలుపు తిరుగుతుంటే, ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన తల తిప్పి, "ఎన్నింటికన్నాడు? ఆ, తొమ్మిదింటికి," అని తనలో తను అనుకోవడం చూశాను. భూమాత పులకాంకురాలకి ఎవరూ అలా తల తిప్పలేదు.

ఆ తర్వాతి ఎండాకాలంలో జరిగిందే నేను చెప్పాలనుకున్నది.

మా వైపు మాఘమాసం పోయిందంటే మిర్చి కాలం. ఊరి చుట్టూ కల్లాల్లో కాయ ఆరబోస్తే, దూరం నుంచి నేల మీద ఎర్ర దుప్పట్లు పరిచినట్టుండేది. బస్తాలు తొక్కుతుంటే లేచే ఘాటు గాలిలో కలిసి ఊరంతా తుమ్మేది. బళ్ళో ఒకరు తుమ్మితే వరసగా బెంచీలన్నీ తుమ్మేవి, టీచరు కూడా. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఒకరోజు మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి మా కొట్టు ముందు మిర్చి వ్యాపారం చేసే షావుకారు గారి భార్య కామేశ్వరి గారు నిలబడి ఉన్నారు. ఎప్పుడూ ఇస్త్రీ మడత చెదరని ఆవిడ, కాలికి చెప్పులు కూడా లేకుండా వచ్చారు. ఆవిడ అత్తగారు నాగరత్నమ్మ గారు పొద్దుటి నుంచి కనిపించడం లేదు. షావుకారు గారు సరుకుతో గుంటూరు వెళ్ళి ఉన్నారు.

నాగరత్నమ్మ గారిని మేమందరం ఎరుగుదుం. తెల్లగా, బక్కపల్చగా, నవ్వుమొహంతో ఉండే పెద్దావిడ. ఆ మధ్య ఏడాదిగా మతిమరుపు వచ్చింది. కోడల్ని పట్టుకుని, "నువ్వెవరమ్మాయివి?" అని మర్యాదగా అడిగేవారట. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గుడ్డసంచిలో ఒక చీర మడిచి పెట్టుకుని గడప దగ్గర కూర్చునేవారట.

"పెరట్లో బట్టలారేస్తన్నానండీ అన్నయ్య గారూ. వచ్చి చూస్తే గేటు తీసుంది," అంటున్నారు కామేశ్వరి గారు, అన్నదే మళ్ళీ మళ్ళీ అంటూ.

నాన్న బ్యాటరీకి వైర్లు బిగిస్తూ, "అమ్మాయ్, రాయి," అన్నాడు నాతో. రాశాను. నాకు తెలిసిన పద్ధతిలోనే రాశాను. పోలీసు ప్రకటనల్లో విన్న మాట ఒకటి మొదటే పెట్టాను. మతిస్థిమితం లేని వృద్ధురాలు అని. పైకి చదివాను. కామేశ్వరి గారు అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాట వినగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మా అత్తయ్యగారికి మతి లేదని ఊరంతా చెప్తారా? ఆవిడ బంగారం లాంటి మనిషండీ. దారి మర్చిపోయిందంతే."

నాన్న నా వైపు చూశాడు. నేను ఆ మాట కొట్టేసి, దాని పైన 'దారి మర్చిపోయారు' అని రాశాను. నాగరత్నమ్మ గారు దారి మర్చిపోయారు, ఆకుపచ్చ నేతచీర, చేతిలో గుడ్డసంచి, కనిపిస్తే కూర్చోబెట్టి మైకుసెట్టు కొట్టుకి కబురు చెయ్యండి. వంటింట్లోంచి అమ్మ అన్నీ సరిగ్గా తిరిగి చెప్పింది. పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, కామేశ్వరి గారికి చెప్పులిచ్చి, నీళ్ళిచ్చి పక్కన కూర్చుంది.

రిక్షా ఊరంతా తిరిగింది. పోయిన దారిన మళ్ళీ తిరిగింది. బస్టాండు దగ్గర ఒక పళ్ళబండి అతను విని, రిక్షా వెంట పరిగెత్తుకొచ్చి చెప్పాడు. ఆకుపచ్చ చీర పెద్దావిడ పొద్దున నందిగామ బస్సు ఎక్కిందట. టిక్కెట్టుకి డబ్బులేవీ అని కండక్టరు అడిగితే, మా నాన్న ఇస్తాడని చెప్పిందట.

నందిగామ ఆవిడ పుట్టిన ఊరు. కానీ అక్కడ ఆవిడకి ఎవరూ లేరు. అన్నదమ్ములు ఎప్పుడో పోయారు, ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు పడగొట్టి వేరే కట్టుకున్నారు. షావుకారు గారి బస్తాల వ్యానుకి గొట్టం కట్టి, నాన్న, కామేశ్వరి గారు, నేను బయల్దేరాం. కాగితమూ పెన్సిలూ పట్టుకురమ్మని నాన్నే నన్ను ఎక్కించుకున్నాడు. వ్యాను నిండా మిర్చి ఘాటు. కిటికీ తీస్తే వడగాలి, మూస్తే దగ్గు. చిల్లకల్లు దాటి పెద్దరోడ్డెక్కాక రెండువైపులా కల్లాలే కల్లాలు, ఎండలో కళ్ళు చెదిరే ఎరుపు. కామేశ్వరి గారు ప్రతి చెట్టు కిందకీ తొంగి చూస్తున్నారు.

నందిగామలో మొదట అదే ప్రకటన చదివాడు నాన్న. మధ్యాహ్నం నుంచి అరిచి అరిచి, మిర్చి ఘాటుకి గొంతు బొంగురుపోయింది. ఒక వీధి, ఇంకో వీధి. జనం బయటికి వచ్చారు, విన్నారు, అయ్యో అన్నారు, లోపలికి వెళ్ళారు. మేం వెళ్ళిన మూడు బజార్లలోనూ అదే జరిగింది. వాక్యంలో తప్పేమీ లేదు. అమ్మ పరీక్షలో నెగ్గిన వాక్యమది. అయినా ఆ ఊరికి నాగరత్నమ్మ గారంటే ఎవరో తెలియదు. పెళ్ళయి వెళ్ళేటప్పటికి పావడా మీద ఓణీ వేసుకునే పిల్ల ఆవిడ. ఆ పిల్లని నాగరత్నమ్మ గారని ఇక్కడెవరు పిలిచి ఉంటారు?

నేను కామేశ్వరి గారిని అడిగాను, "పుట్టింట్లో ఆవిణ్ణి ఏమని పిలిచేవాళ్ళండీ?"

"బుల్లెమ్మ," అన్నారు ఆవిడ. "ఇప్పుడు కూడా ఎవరన్నా పేరడిగితే బుల్లెమ్మనే చెప్తంది."

"గడప దగ్గర కూర్చుని ఎవరి కోసం చూస్తారు?"

"వాళ్ళ నాన్న కోసం. బండి కట్టుకుని వస్తాడంట, పుట్టింటికి తీసుకెళ్తాడంట. రోజూ అదే మాట."

వ్యాను ఒక వేపచెట్టు నీడన ఆపారు. నేను మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాను. అప్పటిదాకా రాసినవన్నీ ఊరి జనానికి. ఇది ఆవిడకే రాశాను. 'బుల్లెమ్మా, మీ నాన్న బండి పంపించాడు, రా, ఇంటికెళ్దాం.' రాసి నాన్నకిచ్చాను. ఇంత మంచి వాక్యం అప్పటిదాకా రాయలేదని నాకు తెలుస్తోంది.

నాన్న చదివాడు. మైకు అందుకోలేదు.

"ఆయన పోయి ఎన్నేళ్ళో అయిందే. పంపించాడని నేనెట్టా చెప్తాను?"

"చెప్తే వస్తారుగా నాన్నా."

"వస్తంది. వచ్చి, మా నాన్నేడీ అని అడిగితే నువ్వేం చెప్తావు?"

కామేశ్వరి గారు, "ఏదో ఒకటి చెప్పండన్నయ్య గారూ, పొద్దుపోతోంది," అన్నారు. ఆవిడది న్యాయమే. నాన్నదీ న్యాయమే. ఎండ ఇళ్ళ గోడల మీద పసుపుపచ్చగా తిరుగుతోంది. నేను కాగితం వెనక్కి తీసుకున్నాను. అబద్ధం ఏ మాటలో ఉందా అని వెతికాను. 'మీ నాన్న', 'పంపించాడు'. ఆ రెండూ కొట్టేశాను. మిగిలినవి చూసుకుంటే, నిజంగా ఉన్నవే. బండి ఉంది. వచ్చింది. ఇల్లుంది. 'పంపించాడు' పోయిన చోట 'వచ్చింది' అని రాసి ఇచ్చాను. నాన్న ఈసారి పెదాలు కదిపి కూడా చదవలేదు. నేరుగా మైకులోకే చదివాడు.

"బుల్లెమ్మా, బండి వచ్చింది. రా, ఇంటికెళ్దాం."

బొంగురుపోయిన గొంతు. పెద్దవయసు మనిషి గొంతులా ఉంది. వ్యాను నడక వేగంతో పాతబజారులోకి తిరిగింది. నాన్న అదే మాట మళ్ళీ అన్నాడు. ఎవరో పిల్లలు నవ్వుతూ వెంటపడ్డారు. ఒక మలుపు తిరిగాం. అక్కడ, పెంకుటింటి అరుగు మీంచి, ఆకుపచ్చ చీరలో ఆవిడ లేచి నిలబడ్డారు. గుడ్డసంచి చంకన పెట్టుకుని, ఇంటివాళ్ళకి వెళ్ళొస్తానన్నట్టు తలూపి, మెట్లు దిగి, ఎవరూ పట్టుకోకుండానే వ్యాను దగ్గరికి నడిచి వచ్చారు.

"ఇంతాలస్యం చేస్తారా? ఎండెక్కిపోయింది కాదూ," అన్నారు మా నాన్నతో.

ఆ ఇంటావిడ కంగారుగా వెనకే వచ్చింది. "మీరిందాక పక్క బజారులో చెప్తుంటే నాగరత్నమ్మ గారన్నదొక్కటే వినపడిందండీ. కానీ ఈవిడ పేరడిగితే బుల్లెమ్మంది. మా నాన్నొచ్చేదాకా కూర్చుంటానంది. ఎవరో వస్తార్లే అని మజ్జిగిచ్చి కూర్చోబెట్టాం. మీరనేది ఈవిణ్ణేనని మాకెట్టా తెలుస్తుందండీ?"

కామేశ్వరి గారు అత్తగారి రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తుంటే, ఆవిడ కోడలి చెంప తుడిచి, "ఎందుకమ్మా ఏడుస్తావు, నిన్ను కూడా తీసుకెళ్తాంలే," అన్నారు. దారిలో చిల్లకల్లు దగ్గరకొచ్చాక ఆవిడే అడిగారు, మా నాన్న రాలేదా అని. కామేశ్వరి గారు నెమ్మదిగా, "ఇంటి దగ్గర అన్నం వండి పెట్టున్నాను, అందరం తిందాం," అన్నారు. పెద్దావిడ తలూపి కిటికీలోంచి మిర్చి కల్లాలు చూస్తూ కూర్చున్నారు. అబద్ధం చెప్పి ఉంటే ఆ ప్రశ్నకి ఇంకో అబద్ధం, దాని మీద ఇంకోటి కావాల్సి వచ్చేది. నాన్న నా వైపు చూస్తాడేమోననుకున్నాను. ఆయన అప్పటికే సీటుకి తల ఆన్చి నిద్రపోయాడు.

నాగరత్నమ్మ గారు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. గడప దగ్గర సంచి పెట్టుకుని కూర్చున్నప్పుడల్లా కామేశ్వరి గారు పక్కన కూర్చుని, "బండి వచ్చాక పోదాం, ఈలోపు కాస్త టిఫిన్ తిందాం రా బుల్లెమ్మా," అనేవారట. ఆ పిలుపుకి ఆవిడ లేచి లోపలికి వచ్చేవారట. అత్తగారిని ఆ పేరుతో పిలవడమేమిటని చుట్టాలు మొదట్లో ముక్కున వేలేసుకున్నారు. కామేశ్వరి గారు పట్టించుకోలేదు.

నేను ఆ తర్వాత ఎన్నో రాశాను. ఆ రోజు నేర్చుకున్నది మాత్రం మళ్ళీ మళ్ళీ కొత్తగా నేర్చుకోవాల్సి వస్తూనే ఉంది. స్పష్టంగా ఉన్న వాక్యం కూడా చేరాల్సిన మనిషికి చేరకపోవచ్చు. మనం గర్వపడిన వాక్యంలోనే, సరిగ్గా మెరిసేచోటే, నిజం కానిదొకటి దాగి ఉండవచ్చు. దాన్ని తీసేస్తే వాక్యం కూలిపోతుందని భయపడతాం. తీసి చూస్తే గానీ తెలియదు, అది నిలబడేది దాని మీద కాదని.

నాన్న పోయి చాలాకాలమైంది. గొట్టాలు పాతసామాన్లవాడికి వెళ్ళిపోయాయి, కొట్టున్న చోట తమ్ముడు ఫోన్లు బాగుచేసే షాపు పెట్టాడు. జగ్గయ్యపేట వెళితే ఇప్పటికీ వీధుల్లో ఆటోలు ప్రకటనలు వినిపిస్తూ తిరుగుతాయి గానీ, అది ఎక్కడో రికార్డు చేసిన గొంతు. నందిగామలోనూ మైలవరంలోనూ అదే గొంతు, అవే మాటలు, ఆటో పక్క నుంచే వెళ్తున్నా ఎవరూ తల తిప్పరు. సినిమా కాగితాల వెనక నాన్న రాసినవి నీళ్ళ పొయ్యిలోకి పోయేవి కాబట్టి ఒక్కటీ మిగల్లేదు. ఆయన వాటిని దాచాలనుకోలేదు కూడా.

అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఎనభై దాటాక చెవులు పోయాయి. మెషిను పెట్టుకుంటే గోల తప్ప మాట వినపడదంటుంది, తీసి దిండు కింద పెట్టేస్తుంది. పోయిన నెల వెళ్ళినప్పుడు, కొత్తగా రాసిన పిల్లల కథ ఒకటి ఆమె మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివాను. వంటింట్లో మరదలు మిక్సీ వేస్తోంది, మెషిను దిండు కిందే ఉంది. అమ్మ నా పెదాల వైపే చూస్తూ, మధ్యమధ్య తలూపుతూ చివరిదాకా కూర్చుంది. అయిపోయాక నా చెయ్యి పట్టుకుని, "చాలా బాగుందమ్మా," అంది. ఇన్నేళ్ళలో అమ్మ ఏ కాగితం గురించీ ఆ మాట అనలేదు. ఏం వినపడిందో చెప్పేది, ఏం వినపడలేదో చెప్పేది, అంతే. నేను నవ్వి, కాగితాలు మడిచి, వసారాలోకి వచ్చి పెన్సిలు తీసుకుని మళ్ళీ మొదటి వాక్యం నుంచి చదువుకోవడం మొదలుపెట్టాను.